రెంటల్ ఇంటితో పాటు గోల్ఫ్ కార్ట్ ఇస్తున్నారా? లయబిలిటీ ఎక్కడెక్కడ మీ మీద పడుతుందో, ఏ వరుసలో సర్దుకోవాలో

ఫ్లోరిడాలోనో సౌత్ కరోలినా తీరంలోనో వెకేషన్ రెంటల్ కొన్నవాళ్ళకు మొదట వినిపించే సలహా ఒకటుంది: "ఒక గోల్ఫ్ కార్ట్ పడేయండి, బుకింగ్‌లు అవే వస్తాయి." రావచ్చు. అయితే కార్ట్ ఫోటో లిస్టింగ్‌లోకి ఎక్కిన రోజు నుంచి మీరు ఇంటితో పాటు బండిని కూడా అద్దెకిస్తున్నట్టే. "ఫ్రీగానే ఇస్తున్నాం, దానికి వేరే డబ్బు తీసుకోవడం లేదు కదా" అనే మాట మిమ్మల్ని కాపాడదు. గెస్ట్ కట్టిన నైట్లీ రేటులోనే కార్ట్ అద్దె కలిసి ఉందని అవతలి అటార్నీ వాదిస్తాడు. మీ ఇన్సూరెన్స్ కంపెనీ కూడా అదే వాదిస్తుంది, క్లెయిమ్ తిరస్కరించడానికి.

అందుకే పని వరుస ముఖ్యం. చాలామంది ముందు కార్ట్ కొంటారు, తర్వాత లిస్టింగ్ మారుస్తారు, ఆ తర్వాత ఎప్పుడో ఏజెంట్‌కి ఫోన్ చేసి "కవర్ అవుతుంది కదా?" అని అడుగుతారు. సరైన వరుస దీనికి తలకిందులు. ముందు ఇన్సూరెన్స్ నుంచి రాతపూర్వకమైన జవాబు, తర్వాత ఊరి చట్టం, హెచ్‌ఓఏ (ఇళ్ళ ఓనర్ల సంఘం) నియమాలు, తర్వాత బండి, చివరికి లిస్టింగ్. ఇన్సూరెన్స్ జవాబు "కాదు" అయితే మిగతావాటి జోలికి పోనక్కరలేదు.

మీ దగ్గరున్నది ఏ బండి?

ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడే ముందు ఇది తేల్చుకోవాలి. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు బండ్లు చట్టం దృష్టిలో వేరువేరు. ఫ్లోరిడా చట్టం ప్రకారం గంటకు 20 మైళ్ళు దాటి వెళ్ళలేనిది గోల్ఫ్ కార్ట్. 20 దాటి, 25 మించకుండా వెళ్ళే నాలుగు చక్రాల బండి లో-స్పీడ్ వెహికల్, అంటే ఎల్‌ఎస్‌వీ. ఈ ఎల్‌ఎస్‌వీ తరగతిని ఫెడరల్ ప్రభుత్వం 1998లో పెట్టింది. దానికి హెడ్‌లైట్లు, ముందు వెనక టర్న్ సిగ్నల్స్, బ్రేక్ లైట్లు, టెయిల్ లైట్లు, రిఫ్లెక్టర్లు, అద్దాలు, పార్కింగ్ బ్రేక్, విండ్‌షీల్డ్, ప్రతి సీటుకూ సీట్ బెల్ట్, 17 అక్షరాల విన్ నంబరు (వాహన గుర్తింపు సంఖ్య) తప్పనిసరి. గోల్ఫ్ కార్ట్‌కి ఉండేది తయారీదారు సీరియల్ నంబరు మాత్రమే.

ఫ్లోరిడాలో ఎల్‌ఎస్‌వీకి రిజిస్ట్రేషన్ ఉండాలి. 10,000 డాలర్ల పీఐపీ (తప్పెవరిదైనా మన వైపు వైద్య ఖర్చులకు కట్టే ఇన్సూరెన్స్), 10,000 డాలర్ల ప్రాపర్టీ డ్యామేజ్ ఇన్సూరెన్స్ ఉండాలి, నడిపేవారికి డ్రైవర్ లైసెన్స్ ఉండాలి. గోల్ఫ్ కార్ట్‌కి అక్కడ టైటిల్ గానీ రిజిస్ట్రేషన్ గానీ అక్కరలేదు, పీఐపీ కూడా అక్కరలేదు. చట్టం అడగట్లేదు కాబట్టి ఇన్సూరెన్స్ లేకుండానే వేలాది కార్ట్‌లు తిరుగుతుంటాయి. మీ కార్ట్ వాటిలో ఒకటి కాకూడదు.

అసలు చిక్కు ఈ రెండింటికీ మధ్యలో ఉన్న బండ్లతో. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కార్ట్‌కి మునుపటి ఓనర్ కంట్రోలర్ (మోటార్ వేగాన్ని అదుపు చేసే పరికరం) మార్చి, పెద్ద మోటార్ పెట్టి ఉంటాడు. అది 23, 24 మైళ్ళ వేగంతో పోతుంది, కానీ సీట్ బెల్టులు ఉండవు, విన్ ఉండదు. అది చట్టప్రకారం గోల్ఫ్ కార్టూ కాదు, ఎల్‌ఎస్‌వీ ప్రమాణాలకూ నిలవదు. యాక్సిడెంట్ అయితే అవతలి ఎక్స్‌పర్ట్ మొదట బయటపెట్టేది ఇదే. కాబట్టి మీరే పరీక్షించండి. బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌తో, చదునుగా ఉన్న ప్రైవేట్ దారిలో, ఫోన్ జీపీఎస్ పెట్టుకుని రెండు దిక్కులా పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కి చూడండి. 20 దాటితే డీలర్ దగ్గర కంట్రోలర్‌ని 15 లోపుకి ప్రోగ్రామ్ చేయించి, చేసిన పనికి తేదీతో ఇన్వాయిస్ తీసుకోండి. రెంటల్ గెస్టులకు 12 నుంచి 15 మైళ్ళు చాలు. వాళ్ళు వెళ్ళేది బీచ్‌కో పూల్‌కో. లేదంటే కావలసిన పరికరాలన్నీ బిగించి, రాష్ట్ర తనిఖీ చేయించి ఎల్‌ఎస్‌వీగా మార్చుకోవాలి. మూడో దారి లేదు.

ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ ఉన్న కార్ట్ అద్దె ఇంటికి తగదు. గురుత్వ కేంద్రం పైకి పోతే మలుపులో పక్కకు పడిపోయే అవకాశం పెరుగుతుంది. కొత్తగా నడిపే గెస్ట్‌కి ఆ సంగతి తెలియదు.

నడిపింది గెస్ట్ అయితే మీరెందుకు కట్టాలి?

ఫ్లోరిడాలో ఇల్లు ఉన్నవాళ్ళు దీన్ని ప్రత్యేకంగా చదవాలి. 'డేంజరస్ ఇన్‌స్ట్రుమెంటాలిటీ' అని ఒక సిద్ధాంతం ఉంది. 1920లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు మోటారు వాహనాలకు దాన్ని వర్తింపజేసింది. ప్రమాదకరమైన బండిని ఇష్టపూర్వకంగా ఇంకొకరి చేతిలో పెట్టిన ఓనర్, ఆ నడిపినవారి నిర్లక్ష్యానికి కూడా బాధ్యుడే అని దాని సారం. ఓనర్ తప్పు ఏమీ ఉండనక్కరలేదు. 1984లో మైస్టర్ వర్సెస్ ఫిషర్ కేసులో అదే కోర్టు గోల్ఫ్ కార్ట్ కూడా ఈ సిద్ధాంతం కిందికి వస్తుందని చెప్పింది. అది గోల్ఫ్ కోర్సులో నడిచిన కార్టే. రోడ్డు మీదికి రానవసరం కూడా లేదన్నమాట. మీరు న్యూజెర్సీలో కూర్చుని ఉన్నా, ఫ్లోరిడాలోని కిస్సిమీలో గెస్ట్ తిప్పిన కార్ట్ వల్ల దెబ్బ తగిలినవారు మీ పేరు మీద దావా వేయగలరు.

ఫ్లోరిడా చట్టంలో 324.021 సెక్షన్, వాహనం అరువిచ్చిన ఓనర్ బాధ్యతకు ఒక పరిమితి పెడుతుంది: గాయపడిన ఒక్కొక్కరికి 1,00,000 డాలర్లు, మొత్తం ఘటనకు 3,00,000, ఆస్తి నష్టానికి 50,000. నడిపినవారికి తగినంత ఇన్సూరెన్స్ లేకపోతే ఆర్థిక నష్టం కింద మరో 5,00,000 దాకా. అయితే ఆ వాక్యంలో ఉన్న మాట 'సహజ వ్యక్తి' అని. ఎల్‌ఎల్‌సీ, అంటే పరిమిత బాధ్యత గల కంపెనీ, సహజ వ్యక్తి కాదు. "ఎల్‌ఎల్‌సీ పేరు మీద పెట్టేస్తే గొడవ ఉండదు" అని స్నేహితులు చెబితే, కార్ట్ బదిలీ చేసే ముందు ఆ రాష్ట్రపు అటార్నీతో ఈ సెక్షన్ మీ బండికి ఎలా వర్తిస్తుందో రాతలో చెప్పించుకోండి. ఈ పరిమితి కూడా అరువిచ్చినందుకు వచ్చే బాధ్యతకే. మీ సొంత నిర్లక్ష్యానికి పరిమితి ఏమీ లేదు.

2005 నాటి ఫెడరల్ చట్టం గ్రేవ్స్ అమెండ్‌మెంట్ పేరు కూడా ఆన్‌లైన్ చర్చల్లో వస్తుంటుంది. అది వాహనాలు అద్దెకిచ్చే వ్యాపారం చేసేవారిని ఇలాంటి బాధ్యత నుంచి తప్పిస్తుంది, అదీ వారి వైపు నిర్లక్ష్యం లేకపోతేనే. ఇల్లు అద్దెకిచ్చే హోస్ట్ దాని మీద ఆశ పెట్టుకోకూడదు. రోడ్ల కోసం తయారైన మోటారు వాహనం అన్న నిర్వచనంలో మామూలు గోల్ఫ్ కార్ట్ ఇమడదు కూడా.

ఫ్లోరిడా బయట ఈ సిద్ధాంతం లేకపోయినా మిగతా దారులు అన్ని రాష్ట్రాల్లోనూ తెరిచే ఉంటాయి. నడపడానికి తగనివారని తెలిసీ, లేదా తెలియవలసి ఉండీ తాళం ఇవ్వడం ఒకటి. బ్రేకులు, టైర్లు చూసుకోకపోవడం ఒకటి. ఎలా నడపాలో, ఎక్కడ నడపకూడదో చెప్పకపోవడం ఒకటి. పదమూడేళ్ళ పిల్లాడు కార్ట్ తిప్పుతున్నాడని మీ క్లీనర్ మెసేజ్ పెట్టిందనుకోండి, మీరు చూసి ఊరుకున్నారనుకోండి. ఆ మెసేజ్ ఒక్కటీ చాలు.

"తెలిసినవాళ్ళే కదా, మన మీద కేసు వేస్తారా?" అన్న ధీమా మనవాళ్ళలో బాగా కనిపిస్తుంది. వాళ్ళు వేయకపోవచ్చు. ఆసుపత్రి బిల్లు కట్టిన వాళ్ళ హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం మీతో చుట్టరికం లేదు. సబ్రోగేషన్ హక్కుతో ఆ డబ్బు రాబట్టుకోవడానికి అది మీ దగ్గరికే వస్తుంది.

ఇన్సూరెన్స్: ఎక్కడ ఉంటుంది, ఎక్కడ జారిపోతుంది

మామూలు హోమ్ ఓనర్స్ పాలసీ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీలకు నమూనా పాలసీలు రాసే ఐఎస్ఓ సంస్థ వారి హెచ్‌ఓ-3 ఫారమ్, గోల్ఫ్ కార్ట్‌కి కొంత లయబిలిటీ ఇస్తుంది. షరతులు వరుసగా చూడండి. కార్ట్ పాలసీదారుడిదే అయి ఉండాలి. నలుగురికి మించి కూర్చునేలా ఉండకూడదు. చదునైన నేల మీద 25 మైళ్ళు దాటేలా తయారైనది గానీ మార్చినది గానీ కాకూడదు. ఘటన గోల్ఫ్ కోర్సు హద్దుల్లోనో, పాలసీదారుడి నివాసం ఉన్న హెచ్‌ఓఏ కమ్యూనిటీలోనో జరగాలి. ఆరు సీట్ల కార్ట్ రెండో మెట్టులోనే జారిపోతుంది. రెంటల్ ఇళ్ళకు ఎక్కువగా కొనేది ఆరు సీట్లదే.

నాలుగు సీట్ల కార్ట్ అయినా, అదే ఫారమ్‌లో ఇంకో మాట ఉంది: ఘటన జరిగినప్పుడు ఆ వాహనం 'ఇతరులకు అద్దెకిచ్చి' ఉంటే వాహన లయబిలిటీ వర్తించదు. వెకేషన్ రెంటల్ కథ అక్కడితో ముగుస్తుంది. మీ కుటుంబం వాడుకుంటున్న వారంలో పాలసీ ఉంటుంది, గెస్ట్ వాడే వారంలో ఉండదు. ల్యాండ్‌లార్డ్ పాలసీకి జత చేసే లయబిలిటీ ఫారమ్‌లలో కూడా మోటారు వాహనాల మినహాయింపు ఉంటుంది. పేరు, లిమిట్లు, ప్రీమియం ఉండే డెక్లరేషన్ పేజీ ఒక్కటే చూసి తృప్తి పడకండి. మినహాయింపులు ఉండేది పాలసీ ఫారమ్‌లో. పూర్తి ఫారమ్ పీడీఎఫ్ పంపమని అడిగితే ఏజెంట్ పంపాలి.

కమర్షియల్ జనరల్ లయబిలిటీ పాలసీ తీసుకున్న హోస్ట్‌ల పరిస్థితి కొంచెం నయం, కానీ అక్కడా మెలిక ఉంది. ఐఎస్ఓ వారి ఆ ఫారమ్ 'ఆటో'ని మినహాయిస్తుంది, 'మొబైల్ ఎక్విప్‌మెంట్'ని మినహాయించదు. ప్రధానంగా రోడ్ల బయట వాడటానికి తయారైన కార్ట్ రెండో గుంపులో పడే అవకాశం ఉంది. చట్టం తప్పనిసరిగా ఇన్సూరెన్స్ అడిగే ఎల్‌ఎస్‌వీ మొదటి గుంపులోకి పోతుంది. అంటే భద్రత కోసమని కార్ట్‌ని ఎల్‌ఎస్‌వీగా మారిస్తే, పాత పాలసీ నుంచి అది బయటపడవచ్చు. మార్పు చేసే ముందే అడగాలి.

బుకింగ్ ప్లాట్‌ఫామ్‌లు ఇచ్చే 10 లక్షల డాలర్ల హోస్ట్ లయబిలిటీని చూసి ధైర్యపడేవారున్నారు. అది ఇంటికి సంబంధించిన ఘటనల కోసం రాసిన పాలసీ. అందులో మోటారు వాహనాల మినహాయింపు ఏ మాటల్లో ఉందో అసలు పాలసీ పత్రం తెరిచి చదవండి, హెల్ప్ పేజీలోని సారాంశం కాదు. అంబ్రెల్లా పాలసీ (మామూలు పాలసీ లిమిట్ దాటాక ఆదుకునే అదనపు పాలసీ) కూడా కింద ఉన్న పాలసీ మీద నిలబడేదే. కింది పాలసీ కార్ట్‌ని మినహాయిస్తే చాలా అంబ్రెల్లాలు దాన్ని అనుసరిస్తాయి. కింద ఉండాల్సిన లిమిట్ లేకపోతే మధ్యలో ఖాళీ మీ జేబులోంచే.

గెస్ట్ సొంత కారు పాలసీ కొన్నిసార్లు ఆదుకుంటుంది. ఐఎస్ఓ పర్సనల్ ఆటో ఫారమ్‌లో రోడ్ల బయట వాడే వాహనాలకు మినహాయింపు ఉన్నా, సొంతం కాని గోల్ఫ్ కార్ట్‌కి ఆ మినహాయింపు వర్తించదని స్పష్టంగా ఉంది. కాబట్టి గెస్ట్ దగ్గర ఆటో ఇన్సూరెన్స్ కార్డు కాపీ తీసుకోవడం మంచి అలవాటు. అది మీ పాలసీకి అదనమే, బదులు కాదు. పైగా ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు అమెరికా ఆటో పాలసీ ఉండదు. సాయంత్రం కార్ట్ తీసుకుని వెళ్ళేది తరచూ వాళ్ళే.

ఏజెంట్‌కి ఫోన్ చేయకండి, ఈమెయిల్ రాయండి. కార్ట్ మేకు, మోడల్, సీరియల్ లేదా విన్ నంబరు, సీట్ల సంఖ్య, కొలిచిన గరిష్ఠ వేగం, టైటిల్ ఎవరి పేరు మీద ఉందో, లిస్టింగ్ లింకు అందులో పెట్టి ఈ ప్రశ్నలు అడగండి:

1. ఇల్లు స్వల్పకాలిక అద్దెకు తీసుకున్న గెస్ట్ ఈ కార్ట్ నడుపుతున్నప్పుడు బాడీలీ ఇంజురీ లయబిలిటీ వర్తిస్తుందా? ఏ ఫారమ్, ఏ పేరా?
2. మా ప్రాపర్టీ హద్దు దాటి, కమ్యూనిటీ రోడ్డు మీద, పబ్లిక్ రోడ్డు మీద కూడా వర్తిస్తుందా?
3. నడిపేవారి వయసు, లైసెన్స్ విషయంలో షరతులేమిటి?
4. కార్ట్‌లో ఉన్న గెస్ట్ కుటుంబ సభ్యులే గాయపడితే?
5. అన్‌ఇన్సూర్డ్ మోటారిస్ట్ (ఇన్సూరెన్స్ లేని బండి ఢీకొడితే వచ్చే కవరేజ్), మెడికల్ పేమెంట్స్ (వైద్య ఖర్చుల కవరేజ్) చేర్చవచ్చా?
6. అంబ్రెల్లా దీని మీద కూర్చుంటుందా? కింద ఎంత లిమిట్ ఉండాలి?

"ఉంటుందండీ, భయం లేదు" అన్న జవాబు జవాబు కాదు. పేరా నంబరుతోనో ఎండార్స్‌మెంట్ (పాలసీని మారుస్తూ జత చేసే పత్రం) నంబరుతోనో రావాలి. విడిగా గోల్ఫ్ కార్ట్ పాలసీ తీసుకున్నా సరే మొదటి ప్రశ్న వదలకండి. అలాంటి చాలా పాలసీలు సొంత వాడకానికే, అద్దె వాడకానికి కాదు. పాలసీలో పేరు, బిల్ ఆఫ్ సేల్‌లో పేరు, ఇంటి ఓనర్ పేరు ఒకటేనో కాదో చూసుకోండి. ఇల్లు ఎల్‌ఎల్‌సీది, కార్ట్ భర్త పేరు మీద, పాలసీ భార్య పేరు మీద ఉంటే ముగ్గురినీ పేర్లతో చేర్చాలి. లిమిట్ 3,00,000 డాలర్లతో ఆగకుండా 10 లక్షలకు ప్రయత్నించండి. ఒక్క తల దెబ్బ ఆ చిన్న లిమిట్‌ని దాటేస్తుంది.

ఊరి నియమాలు

25 మైళ్ళ బోర్డు ఉన్న సబ్‌డివిజన్ రోడ్డంటే కార్ట్‌కి అనుమతి ఉన్నట్టే అనుకోవడం సాధారణమైన పొరపాటు. ఫ్లోరిడాలో నగరమో కౌంటీయో ఆ రోడ్డుని కార్ట్‌ల కోసం ప్రకటిస్తేనే నడపాలి. స్థానిక ప్రభుత్వం రాత్రి వాడకాన్ని అనుమతించి, కార్ట్‌కి హెడ్‌లైట్లు, బ్రేక్ లైట్లు, టర్న్ సిగ్నల్స్, విండ్‌షీల్డ్ ఉంటే తప్ప సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకానే. 2023 అక్టోబరు 1 నుంచి 18 ఏళ్ళ లోపువారికి లెర్నర్స్ పర్మిట్ గానీ లైసెన్స్ గానీ ఉండాలి, 18 దాటినవారి దగ్గర ప్రభుత్వ ఫోటో గుర్తింపు ఉండాలి. తాగి నడిపితే డీయూఐ కార్ట్‌కీ వర్తిస్తుంది. స్వాగతం బుట్టలో వైన్ సీసా పక్కన కార్ట్ తాళం పెట్టే హోస్ట్‌లు ఆ ఫోటో కోర్టులో ఎలా కనిపిస్తుందో ఒక్కసారి ఊహించుకోవాలి.

సౌత్ కరోలినాలో డీఎంవీ పర్మిట్ డెకల్ ఉండాలి, నడిపేవారికి 16 ఏళ్ళు నిండి లైసెన్స్ ఉండాలి, ఇన్సూరెన్స్ రుజువు కార్ట్‌లో ఉండాలి. టెక్సాస్‌లో రోడ్డెక్కే కార్ట్‌కి ప్రత్యేకమైన గోల్ఫ్ కార్ట్ ప్లేటు కావాలి. మీ ఊరి ఆర్డినెన్స్ ప్రింట్ తీసి, నడపదగిన వీధులను మ్యాపులో ఆకుపచ్చతో, నిషేధించినవి ఎరుపుతో గీయండి. హైవే దాటే చోటుని తప్పకుండా ఎరుపు చేయండి. ఆ మ్యాపుని లామినేట్ చేసి డ్యాష్ మీద అతికించండి. హెచ్‌ఓఏ గెస్టులకు కార్ట్ అనుమతిస్తుందో లేదో వాళ్ళ ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో తీసుకోండి. ఓనర్లకు ఉన్న అనుమతి అద్దెదారులకు లేని కమ్యూనిటీలున్నాయి.

బండిని సిద్ధం చేయడం

కార్ట్ ప్రమాదమంటే ఢీకొట్టడమే గుర్తొస్తుంది. గాయాలకు అన్నిటికన్నా పెద్ద కారణం కింద పడటం. ఒహాయోలోని నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్ పరిశోధకులు 1990 నుంచి 2006 దాకా అమెరికా ఎమర్జెన్సీ రూముల లెక్కలు తీస్తే, అంచనాగా 1,48,000 గోల్ఫ్ కార్ట్ గాయాలు తేలాయి. వాటిలో పడటం గానీ దూకడం గానీ 38 శాతం, గాయపడినవారిలో దాదాపు మూడో వంతు 16 ఏళ్ళ లోపువారు.

ఎందుకు పడతారంటే, కార్ట్ చటుక్కున ఎడమకు తిరిగితే కుడి పక్క కూర్చున్నవారు బయటికి జారతారు. అక్కడ తలుపు లేదు, తుంటిని ఆపే చిన్న పట్టీ మాత్రమే ఉంటుంది. వెనక్కి తిరిగి ఉండే సీటులో పట్టుకునేది లేకపోతే, డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కగానే పిల్లలు ముందుకు, అంటే రోడ్డు మీదికి పడతారు. కాబట్టి వెనక సీటుకి పట్టుకునే కమ్మీ, కాళ్ళు పెట్టుకునే ప్లేటు గట్టిగా ఉండాలి. ఇంకా మంచిది, రెంటల్ కోసం అందరూ ముందుకు చూసే సీట్లున్న కార్ట్ ఎంచుకోవడం. వీపు సీటుకి ఆనించి కూర్చుంటే పాదాలు ఫ్లోర్‌ని తాకని పిల్లలను కార్ట్ ఎక్కించకూడదని నియమం పెట్టండి. వయసు అడగడం కన్నా ఇది సులువు, గెస్ట్‌కి వెంటనే అర్థమవుతుంది.

చాలా కార్ట్‌లలో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. వాలులో గట్టిగా తొక్కితే వెనక చక్రాలు లాక్ అయి బండి అడ్డంగా తిరుగుతుంది. మీ వీధి ఏటవాలుగా ఉంటే నాలుగు చక్రాల బ్రేకులున్న మోడల్ తప్ప పెట్టకండి.

తాళం సంగతి ఓనర్లలో చాలామందికి తెలియదు. ఒకే కంపెనీ కార్ట్‌లకు ఫ్యాక్టరీ తాళాలు తరచూ ఒకటే ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు. తాళం డ్రాయర్లో దాచాను కాబట్టి ఎవరూ తీయలేరన్న భరోసా చెల్లదు. ఇగ్నిషన్ స్విచ్ మార్చి ప్రత్యేకమైన తాళమో కోడ్ కీప్యాడో పెట్టించండి. ఒప్పందం మీద సంతకం పెట్టాకే కోడ్ ఇవ్వండి, ప్రతి గెస్ట్‌కీ కోడ్ మార్చండి. కార్ట్ ఒప్పందంలో లేని బుకింగ్‌లకు దాన్ని గెస్ట్ వెళ్ళలేని గదిలో బంధించాలి.

ఛార్జింగ్ మరో మూల. లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతాయి, మూసిన గ్యారేజీలో అది పోగవుతుంది. గాలి ఆడే చోటు, ఛార్జర్‌కి నేరుగా గోడ సాకెట్, ఎక్స్‌టెన్షన్ కార్డ్ నిషేధం. బ్యాటరీలో నీళ్ళు పోయడం గెస్ట్ పని కాదు. ఛార్జ్ పూర్తయ్యాక డిస్టిల్డ్ వాటర్ మీ మనిషే పోయాలి. లిథియం బ్యాటరీకి మారినవారు పాత ఛార్జర్ వాడకూడదు.

గెస్ట్ మారిన ప్రతిసారీ పది నిమిషాల తనిఖీ చేయించండి. టైర్ల గాలి మాన్యువల్లో చెప్పినంత ఉందా, వీల్ నట్లు బిగుతుగా ఉన్నాయా, వాలులో పార్కింగ్ బ్రేక్ నిలుస్తోందా, పెడల్ తొక్కి వదిలితే తిరిగి పైకి వస్తోందా, రివర్స్ బజర్ మోగుతోందా, లైట్లు, హార్న్, అద్దం, ప్రతి బెల్టూ పనిచేస్తున్నాయా. క్లీనర్‌తో ఇది చేయిస్తే ఆమెకు నేర్పించి, అదనంగా డబ్బివ్వండి. టిక్కులు పెట్టిన కాగితం ఫోటో, తేదీతో, ఫోల్డర్‌లోకి. ఏదైనా ఫెయిల్ అయితే సీటు కింద ఉన్న స్విచ్‌ని 'టో'లోకి (బండి నడవకుండా ఆపే స్థానంలోకి) తిప్పి, కోడ్ ఆపేసి, గెస్ట్‌కి మెసేజ్. "ఈ వారం సర్దుకోండి" అనకూడదు. లోపం తెలిసి వదిలేసినట్టు మీ కాగితమే సాక్ష్యం చెబుతుంది.

ఒప్పందం, వేవర్

కార్ట్ ఒప్పందం ఇంటి ఒప్పందం నుంచి వేరుగా ఉండాలి. నడిపే ప్రతి ఒక్కరి పేరు, లైసెన్స్ కాపీ, సంతకం. మీరు పెట్టే కనీస వయసు చట్టం కన్నా ఎక్కువగా ఉండాలి. 25 అయితే మేలు, 21కి తగ్గకూడదు. సీట్ల సంఖ్య మించకూడదు, ఒళ్ళో పిల్లలు వద్దు, చీకటి పడ్డాక వద్దు, తాగి వద్దు, మ్యాపులో ఆకుపచ్చ దాటి వద్దు. కార్ట్‌లో లోపం కనిపిస్తే ఆపేసి మెసేజ్ చేయాలి. గెస్ట్ ఇవన్నీ ఒప్పుకుని ఎవరికైనా నష్టం చేస్తే భరిస్తానని ఇండెమ్నిటీ రాయాలి. ఈ షరతులన్నీ మీ పాలసీ షరతులకు సరిపోవాలి. పాలసీ 25 అంటే ఒప్పందంలో 21 ఉండకూడదు.

వేవర్ (దెబ్బ తగిలినా దావా వేయనని ముందే రాసిచ్చే పత్రం) మీద నమ్మకం ఎంత పెట్టుకోవాలి? కొంతే. సంతకం పెట్టినవారిని అది కట్టిపడేయవచ్చు, రోడ్డు మీద నడిచి వెళ్తూ దెబ్బ తిన్నవారిని కట్టిపడేయదు. పిల్లల విషయంలో ఇంకా బలహీనం. 2008లో కర్టన్ వర్సెస్ ఫీల్డ్స్ కేసులో ఫ్లోరిడా సుప్రీంకోర్టు, వ్యాపార కార్యకలాపంలో పిల్లల తరఫున తల్లిదండ్రులు ముందే రాసిచ్చిన వేవర్ చెల్లదని చెప్పింది. తర్వాత చట్టసభ ఇచ్చిన వెసులుబాటు ఆ కార్యకలాపంలో సహజంగా ఉండే ప్రమాదాలకే, మీ నిర్లక్ష్యానికి కాదు. వర్జీనియాలో, లూసియానాలో శారీరక గాయాలకు ముందస్తు వేవర్లు అసలే నిలబడవు. ఇంటర్నెట్లో దొరికిన టెంప్లేట్ కాకుండా, ఇల్లున్న రాష్ట్రపు అటార్నీతో ఒకసారి రాయించుకోండి.

యాక్సిడెంట్ జరిగితే

ముందు 911, మనుషుల సంగతి. తర్వాత కార్ట్‌ని ఉన్నచోట ఉన్నట్టు నాలుగు వైపులా ఫోటోలు తీయించండి. చక్రాలు, పెడళ్ళు, స్పీడ్ సెట్టింగ్, రోడ్డు, అన్నీ. పోలీసు వదిలాక దాన్ని తాళం వేసిన చోట పెట్టండి. రిపేర్ చేయించకూడదు, అమ్మకూడదు, ఛార్జర్ కూడా మార్చకూడదు. సాక్ష్యం చెరిపారన్న ఆరోపణ అసలు ఆరోపణ కన్నా బరువవుతుంది. ఇన్సూరెన్స్‌కి అదే రోజు రాతలో తెలపండి, కార్ట్ పాలసీకి, ఇంటి పాలసీకి, అంబ్రెల్లాకి, ప్లాట్‌ఫామ్‌కి, అన్నింటికీ. ఏది కవర్ చేస్తుందో మీరు తేల్చనక్కరలేదు. ఆలస్యం వాళ్ళకు తిరస్కరించే సాకు ఇవ్వకూడదు, అంతే. గెస్ట్‌ని పలకరించండి, ఎలా ఉన్నారో అడగండి. కారణాల గురించి, ఎవరు కడతారన్న దాని గురించి మాత్రం ఏమీ రాయకండి. వాట్సాప్ గ్రూపుల్లో "ఇలా జరిగింది, ఏం చేయాలి" అని పోస్టు పెట్టకండి, అది కూడా బయటికి తీయించగల పత్రమే. ఫ్లోరిడాలో 2023 మార్చి 24 తర్వాత జరిగిన నిర్లక్ష్యపు కేసులకు గడువు రెండేళ్ళు. పిల్లల విషయంలో గడువు మారవచ్చు కాబట్టి తనిఖీ కాగితాలు, ఒప్పందాలు పారేయకండి.

ఇవ్వకుండానే ఇచ్చే దారి

రాతపూర్వకమైన ఇన్సూరెన్స్ జవాబు దొరకనివారికి, దొరికినా ప్రీమియం భరించలేనివారికి మంచి దారి ఒకటుంది. ఊళ్ళో లైసెన్స్ ఉన్న కార్ట్ రెంటల్ కంపెనీ పేరు గెస్ట్‌కి ఇవ్వండి. ఒప్పందం, డిపాజిట్, లైసెన్స్ చెకింగ్, ఇన్సూరెన్స్ అన్నీ వాళ్ళకీ గెస్ట్‌కీ మధ్యే జరగాలి. కార్ట్ వాళ్ళే తెచ్చి డ్రైవ్‌వేలో పెట్టి, నేర్పించి, తీసుకెళ్తారు. ఆ కంపెనీ నుంచి సర్టిఫికేట్ ఆఫ్ ఇన్సూరెన్స్ తెప్పించి, వీలైతే మిమ్మల్ని అడిషనల్ ఇన్సూర్డ్‌గా (వాళ్ళ పాలసీ మీకూ వర్తించేలా) చేర్పించండి. వాళ్ళ దగ్గర కమిషన్ తీసుకోకండి. నాలుగు డాలర్ల కోసం మళ్ళీ మీరే అద్దె వ్యాపారంలోకి లాగబడతారు. లిస్టింగ్‌లో "కార్ట్ అందుబాటులో ఉంది" అనకుండా "కార్ట్ కావాలంటే స్థానిక కంపెనీ దగ్గర విడిగా తీసుకోవచ్చు" అని రాయండి.

ఇప్పటికే కార్ట్ ఉండి, దాన్ని తీసేయాలనుకుంటే లిస్టింగ్‌లో టైటిల్, ఫోటోలు, అమెనిటీ టిక్కు, గైడ్‌బుక్, ఆటోమేటిక్ మెసేజ్‌లు, మీ సొంత వెబ్‌సైటు, మేనేజ్‌మెంట్ కంపెనీ పేజీ, అన్నింట్లోంచీ అదే రోజు తీయండి. ముందే బుక్ చేసుకున్నవారికి కార్ట్ మాట ఇచ్చి ఉంటారు కాబట్టి వాళ్ళకు విడిగా రాయాలి: బయటి కంపెనీ నుంచి కార్ట్ తీసుకుంటే ఇంత మొత్తం అద్దెలో తగ్గిస్తామని, లేదా పూర్తి రీఫండ్‌తో రద్దు చేసుకోవచ్చని. కార్ట్ అమ్మాక బిల్ ఆఫ్ సేల్‌లో తేదీతో పాటు టైమ్ కూడా రాయించుకుని, అది చేతికొచ్చాకే పాలసీ రద్దు చేయండి.